బొమ్మ ఎలా ఉందండీ?

మా కోనసీమలో చలనచిత్రమును బొమ్మ అందురు. “కొత్త బొమ్మ పడింది” అన్నను, “ఆ బొమ్మ ఎత్తేశారు” అన్నను అర్థము కానివారు గోదావరి పాయలైన గౌతమికిని వసిష్ఠకును నడుమ లేరు. తోలుబొమ్మలాటను తెల్లవార్లు చూచి పెరిగిన జనమునకు, తెరపై కదలెడు క్రొత్త నీడకు వేరొక పేరు వెదకుకొనవలసిన పని లేకపోయినదని నేననుకొందును. ఈ మాటకు తోబుట్టువుగా ఒక ప్రశ్న గూడ పుట్టినది: “బొమ్మ ఎలా ఉందండీ?” రెండవ ఆట వదలిన పిదప కాలువగట్లమీదను, లాంచీరేవులయందును, మరునాటి యుదయమున వీధి అరుగులమీదను తొంబది యేండ్లుగా వినవచ్చుచున్న యీ ప్రశ్నకు మావారు చెప్పుచు వచ్చిన సమాధానములను గూర్చియే నేనిచ్చట వ్రాయదలచితిని. చిత్రములు తీసినవారి చరిత్రను, నటించినవారి చరిత్రను పెద్దలు పెక్కండ్రు వ్రాసియున్నారు. చూచి, నడచి యింటికి వచ్చుచు, తమకు తోచినది తోచినట్లు చెప్పినవారి చరిత్ర మాత్రము చెప్పినవారితోనే పోవుచున్నది.

ఆ సమాధానముల స్వభావము తెలియవలెనన్నచో ముందు మా నీళ్లను గూర్చి తెలిసికొనవలెను. 1852 నాటికి కాటన్ దొరగారి ఆనకట్ట ధవళేశ్వరము వద్ద పూర్తియై, కాలువలు పారి, ఈ గడ్డ కొబ్బరితోటలకును వరిచేలకును పేరుపడినదే గాని, అమలాపురమునుండి కాకినాడకు పోవలెనన్నను, రాజోలునుండి నరసాపురము పోవలెనన్నను నది దాటక గత్యంతరము లేకుండెను. కోటిపల్లి, ఎదుర్లంక, బోడసకుర్రు, సఖినేటిపల్లి — ఈ రేవుల పేర్లు మా తరమువారికి బంధువుల పేర్లవలె నోటనుండును. నదుల నడుమనున్న యీ లంకగడ్డపై నేటికిని రైలు నడువలేదు. కావున మాకు వినోదమన్నది ఎన్నడును సులభముగా రాలేదు. వచ్చినదానిని మావారెన్నడును తేలికగా చూడలేదు.

మా మామ్మ — మా తండ్రిగారి తల్లి — 1934లో విడుదలైన ‘లవకుశ’ను చూచుటకు ముక్తేశ్వరము రేవున పడవ యెక్కి, గౌతమి దాటి, కోటిపల్లిలో రైలెక్కి కాకినాడ పోయినది. ఆ రైలు సంగతి నేటి పిల్లలకు కథవలె తోచును. 1928లో వేసిన ఆ దారిని రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, ఇనుము నిమిత్తమై పెరికివేసిరి. మరల 2004లో గాని దానిపై బండి నడువలేదు. మామ్మ ‘లవకుశ’ చూచునాటికి తెలుగు తెర మాటలాడ నేర్చి రెండేండ్లే యైనది. ‘భక్త ప్రహ్లాద’ వచ్చినది 1932లో. ‘లవకుశ’ తీసిన చిత్తజల్లు పుల్లయ్యగారు కాకినాడవారే యైనను, చిత్రము తయారైనది కలకత్తాలో, ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున. మా మామ్మకు ఇవి యేవియు తెలియవు. ఆమెకు తెలిసినది రాములవారు. పారుపల్లి సుబ్బారావుగారు తెరపై కనబడగానే తనతో వచ్చిన స్త్రీలందరును చేతులు జోడించిరని ఆమె కడవరకు చెప్పుచుండెడిది.

దాదాపు ముప్పది యేండ్లకు, 1963లో, అదే కథ రంగులతో వచ్చినది. పుల్లయ్యగారే మొదలుపెట్టి, ఆయన కుమారులు సి.యస్. రావుగారు పూర్తిచేసిన యీ రెండవ ‘లవకుశ’ తెలుగున మొదటి పూర్తి రంగుల చిత్రము. ఆ దినములలో బెజవాడలో విడుదలైన బొమ్మ మా పల్లెలకు వచ్చుటకు నెలలు పట్టెడిది. వచ్చిననాడు మామ్మ నన్ను చంకనెత్తుకొని పోయినది. తిరిగి వచ్చునపుడు దారిలో ఎవరో యడిగిరి, బొమ్మ ఎలా ఉందండీ యని. ఆమె లాంతరు క్రింద పెట్టి, నిలిచి, “రంగులు బావున్నాయి, పాటలు అమృతం. కానీ ఆనాటి సీత మన ఊరి ఆడపడుచులా ఉండేది. ఈ సీత మహారాణిలా ఉంది” అన్నది. శ్రీరంజనిగారి సీతను, అంజలీదేవిగారి సీతను ముప్పది యేండ్ల యెడముతో చూచి, ఒక్క వాక్యమున తూచిన ఆ తీర్పును నేను పెద్దవాడనైన పిమ్మట ఎన్ని విమర్శలు చదివినను మరువలేకపోయితిని. అడవికి పంపబడినది మహారాణియా, మన యాడపడుచా యన్నదానిని బట్టియే చూచువాని కన్నీరు మారును గదా.

ఇక మా పల్లెలకు బొమ్మను తెచ్చినవి డేరా సినిమాలు. సంక్రాంతికి కుప్పలు నూర్చి, గడ్డి యిండ్లకు చేరిన పిమ్మట, ఎండిన చేనిలోనో, తోట ప్రక్కనున్న బీడులోనో గుంజలు నాటి డేరా లేపెడివారు, తొలకరికి దించివేసెడివారు. మధ్యాహ్నము ఒంటెద్దు బండి ఊరంతయు తిరిగి, మైకులో బొమ్మ పేరు చెప్పి, రంగురంగుల కరపత్రములను వెదజల్లగా పిల్లలము దాని వెంట పరుగిడెడివారము. చీకటి పడుచుండగా ఘంటసాలవారి వేంకటేశ్వరస్వామి పాట రికార్డు మ్రోగినచో, ఇక ఆట మొదలుకానున్నదని రెండు మైళ్లవరకు తెలిసెడిది. అన్నము ముందు కూర్చున్నవారు గబగబ ముగించి లేచెడివారు. లోపల కుర్చీ, బెంచీ, నేల. నేల టిక్కెట్టనగా గోదావరి యిసుక. ముందువారి తలల మీదుగా తెర కనబడుటకై పిల్లలము ఇసుకను ప్రోగుచేసి, దానిపై కూర్చుండెడివారము. మా వెనుకనున్నవాడు తాను ఇంకను పెద్ద కుప్ప పోసికొనెడివాడు. డేరా వెలుపల ఇంజను కొట్టుకొనుచుండెడిది. ఆపరేటరు కార్బన్ పుల్లలను దగ్గరకు జరిపినప్పుడెల్ల తెర తెల్లనై, అతడు పరాకుగా నున్నప్పుడెల్ల నటుల ముఖములు పసుపుపచ్చనై పోవుచుండెడివి.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, ఆ డేరాలో యంత్రమొక్కటే యుండుట. పట్నపు హాళ్లలో రెండు యంత్రములుండుటచేత ఒక రీలు ముగియగానే రెండవది అందుకొనెడిది. మాకు అట్లు గాదు. రీలు మార్చినప్పుడెల్ల దీపములు వెలిగెడివి. దీపము వెలిగిన వెంటనే డేరా అంతయు మాటలు. ఆ మొగుడు మారునా, ఆ బిడ్డ దొరకునా, ఆ మారువేషమును ఆమె పోల్చుకొనునా యని నేలమీదివారు బెంచీవారితో వాదించెడివారు. పాటల పుస్తకమున కథను సగము వరకే అచ్చువేసి, తక్కినది తెరపై చూడుడని విడిచిపెట్టెడివారు గనుక, అక్షరము వచ్చినవాడు గూడ ఆ వాదమున అందరితో సమానుడే. చూచిన భాగమును తూచి, చూడబోవు భాగమును ఊహించుటకు మావారికి కావలసినంత అవకాశము ఆ చీకటి వెలుతురుల నడుమ దొరకినది. పేదరికముచేత రెండవ యంత్రము లేకపోవుటయే మా యూళ్లకు విమర్శను నేర్పినదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

రీళ్లుండెడి రేకుపెట్టెను ‘పెట్టె’ అనియే అందురు. పెట్టె లాంచీపై రావలెను. ఒకసారి రాజోలువైపునుండి రావలసిన పెట్టె గాలివానచేత ఆవలి రేవుననే నిలిచిపోగా, టిక్కెట్టు కొన్న జనమంతయు గట్టునకు వచ్చి, అవతలి దీపముల వైపు చూచుచు అర్ధరాత్రి వరకు కూర్చుండుట నేనెరుగుదును. ఆనాడు బొమ్మ పడలేదు. ఐనను ఆ గట్టుపై అంతకుముందు చూచిన బొమ్మలను గూర్చి జరిగిన ముచ్చట, పడిన బొమ్మలనేకములకంటె నాకు బాగుగా జ్ఞాపకమున్నది.

ఆ ముచ్చటలలో ఎవరి వృత్తి వారి కంటికి దీపమై యుండెడిది. కొబ్బరి దింపు తీయువాడు తెరపై నాయకుడు చెట్టెక్కినపుడు కాళ్లబంధమును చూచును గాని ముఖమును చూడడు. నేతవారు చీర అంచును చూతురు. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారి ‘మూగమనసులు’ వచ్చినపుడు మా ప్రాంతమంతయు దానిని తన సొంత కథగా భావించినది. గోదావరిపై పడవ నడుపు గోపి, దినదినము రేవు దాటి చదువునకు పోవు రాధ, వారిని చూచుచు మిగిలిపోవు గౌరి — ఇటువంటివారు మా రేవులన్నిటను ఉన్నట్లే తోచినది. నాకు ఆ చిత్రము చివర దుఃఖమాగలేదు. పడవ నడిపి నెరసిన ఒక పెద్దాయనను మా నాన్నగారు ఆ మరునాడు రేవులో అడిగిరి. ఆయన తెడ్డు నీటిలోనుండి తీయకయే చెప్పెను: “బొమ్మ బావుందండీ, ఆయ్. ఆ కుర్రాడు పడవ మీద నిలబడ్డం నేర్చుకునే నిలబడ్డాడు. కానీ నది అలా ఉన్నప్పుడు మనిషిని ఎక్కించుకుని రేవు వదలకూడదండీ. నేనైతే వదల్ను.” నాకు వచ్చిన కన్నీరును, ఆయనకు వచ్చిన కోపమును రెండును ఆ చిత్రమునకు చెందవలసినవే. కథకుడు విధి యనుకొన్నదానిని ఆ వృద్ధుడు తప్పు అనుకొనెను. నదిని ఎరిగినవాడు గనుక అట్లనుకొనుటకు ఆయనకు హక్కు గలదు.

అచ్చులో వచ్చు విమర్శ మాకు ఆలస్యముగానే చేరినది. మద్రాసునుండి ‘రూపవాణి’ వచ్చెడిది. 1966లో ‘విజయచిత్ర’ మొదలైనపిదప మంగలిదుకాణములందు దానిని చదువుటకై క్షౌరము అక్కరలేనివారు గూడ వచ్చి కూర్చుండెడివారు. ఐతే విమర్శను మా భాషలో, మా నుడికారముతో వ్రాసినవారు ముళ్లపూడి వెంకటరమణగారు. ధవళేశ్వరమున పుట్టిన యీయన ఆంధ్రపత్రిక వారపత్రికలో చిత్రసమీక్షలు వ్రాయునపుడు మద్రాసులో నిర్మాతలు ఆ సంచిక కొరకు భయముతో నిరీక్షించెడివారని ప్రతీతి. ఆ సమీక్షలను చదివిన మా పెద్దలకు అవి క్రొత్తగా తోచలేదు. తాము అరుగుమీద ఆడుకొను మాటలే ముత్యముల వంటి అక్షరములలో అచ్చైనట్లు తోచినవి.

ఆయన విమర్శను విడిచి చిత్రములకు మాటలు వ్రాయుటకు పోయి, తుదకు నరసాపురమున పుట్టిన తన చెలికాడు బాపుతో గూడి తమ తొలి చిత్రమును తీయదలచినపుడు, వారు మద్రాసు స్టూడియోలో పల్లెను కట్టలేదు. కొత్తపేటకు సమీపమున, ఆత్రేయపురము దాపుననున్న పులిదిండికి వచ్చిరి. ఆ చిత్రమే 1967లో విడుదలైన ‘సాక్షి’. కృష్ణగారును విజయనిర్మలగారును తొలిసారి కలిసి నటించినది అందులోనే. అమెరికావారి ‘హై నూన్’ అను చిత్రము దానికి ప్రేరణమని ఎల్లరెరిగినదే. కాని ప్రేరణ వేరు, ప్రాణము వేరు.

ఈ చిత్రమును గడచిన నెలలో మరల చూచితిని. బల్లకట్టు నడుపుకొను ఒక అమాయకుడు, తన కన్నులయెదుట జరిగిన హత్యను గూర్చి న్యాయస్థానమున నిజము చెప్పును. హంతకుడు పగబట్టి తిరిగి వచ్చుచున్నాడని తెలిసిన పిదప, నిన్నటివరకు భుజము తట్టిన ఊరు తలుపులు వేసికొనును. అంతే కథ. ‘హై నూన్’ లోని యూరు బయలునందు విసరివేసినట్లున్న నాలుగు కొయ్యయిండ్లు; అచ్చట మనిషి ఒంటరియగుట సహజముగా కన్పట్టును. పులిదిండి అట్టిది గాదు. మా యూళ్లలో ఒక యింటి చూరు మరియొక యింటి గోడకు తగులుచుండును; ఎదురుపడిన ప్రతివాడును మావయ్యయో, బావయో, బాబాయియో యగును; ఎవరింట ఏమి కూర వండిరో వాసనచేత తెలియును. అట్టి యూరిలో వరుసలు పిలిచిన నోళ్లే మూతపడుటను ఎల్లవేళల తలుపు తీసియుండు అరుగులమధ్య చూపుటచేత ఆ భీతి పదిరెట్లైనది. తెలుపు నలుపులలో ఆ కాలువగట్టును, కొబ్బరినీడలను బాపు చూపిన తీరు వంటిది నేను మరల చూడలేదు. హాస్యఘట్టములు కొన్ని నడకకు అడ్డుపడినవనుట నిజమే. ఐనను కోనసీమ పల్లె యందమును చూపిన చిత్రములు పదులకొలది వచ్చినవి గాని, కోనసీమ పల్లె పిరికితనమును ఇంత ప్రేమతో చూపినది ఇదొక్కటే యని నా తీర్పు. విమర్శకుడుగా ఉన్నవాడు తన యేటి యొడ్డుననే కూర్చుండి తన వారికి చూపిన అద్దమది.

దానితోబాటు ఈ కొలది దినములలో మా యింట మరికొన్ని బొమ్మలు చూచితిమి. 1986లో వంశీగారు కోనసీమ పల్లెలలో తీసిన ‘లేడీస్ టైలర్’లో ఇళయరాజా సంగీతమును, సంభాషణలలోని మా యాసను ఇష్టపడితిని, స్త్రీలను గూర్చిన కథాంశము మాత్రము నా మనుమరాలి ప్రక్కన కూర్చుండి చూచునపుడు నాకు రుచింపలేదు. 2006లో వచ్చిన శేఖర్ కమ్ములగారి ‘గోదావరి’, 1973 నాటి బాపు ‘అందాల రాముడు’ వలెనే భద్రాచలమునకు సాగు పడవకథ. అందమైన చిత్రమే, కాని అది కొండల నడుమ గోదావరి. కొండ యన్నది కంటికి కనబడక, కట్టకంటె ఎత్తున ఎర్రనీరు నిలిచి ఇంటిలోనికి తొంగిచూచు మా గోదావరి ఇంకను తెరకు సరిగా ఎక్కలేదు.

2017 సంక్రాంతికి వచ్చిన ‘శతమానం భవతి’ కథ ఆత్రేయపురమునందే నడచును. విదేశములనుండి బిడ్డలు పండుగకైన రాకపోగా, ఆ తండ్రి తాను భార్యకు విడాకులిచ్చుచున్నానని వ్రాసి వారిని రప్పించును. దానికి జాతీయ పురస్కారము వచ్చినది. మా వీధిలో పిల్లలు దూరదేశములందున్న యిండ్లు నాకు తెలిసినవే పెక్కు గలవు. జయసుధగారు ఒంటరిగా కూర్చుండిన ఘట్టములు చూచి మా యింటి పెద్దావిడ లేచి లోపలికి పోయినది. పండుగ అలంకారము కొంత మితిమీరినదని నేననగా, ఆమె మరునాడు, “ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాళ్లకి ఊరు అలాగే కనిపిస్తుందండీ” అని నా మాటను త్రోసిపుచ్చినది. ఆమె చెప్పినదే సరియైనదని ఇప్పుడనుకొనుచున్నాను.

2024 ఫిబ్రవరిలో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ను ఆమె తోడుగా చూచుటకు నేను మొదట జంకితిని, చూచిన పిమ్మట మా ఊరివారందరును చూడవలెననిపించినది. మంగళవాద్యము లేక ముహూర్తము గడువదు, క్షౌరము లేక శుభము గాని అశుభము గాని జరుగదు. ఐనను ఆ పని చేయువారిని అరుగుమీద కూర్చుండబెట్టని యిండ్లలో మేమును పెరిగితిమి. అట్టివారి కథయైన ఈ చిత్రము ఆ యవమానమును మెత్తబరచలేదు. నాయకుని అక్క పాత్రలో శరణ్యా ప్రదీప్ తల యెత్తి నిలిచిన తీరు నన్ను కదలించినది. నేనింతవరకు అరుగు అరుగని పొగడుచు వచ్చితిని. ఆ యరుగుమీద అందరికిని చోటుండలేదని ఈ బొమ్మ నాకు గుర్తుచేసినది. డేరాలోని నేలయే నయము. టిక్కెట్టు కొన్నవాడెవడైనను ఆ యిసుకమీద ఎవరి ప్రక్కనైనను కూర్చుండెడివాడు, రీలు మారునపుడు తన మాట తాను చెప్పెడివాడు.

ఆ డేరాలు పోయినవి. వాని తరువాత వచ్చిన రేకుల హాళ్లలో కొన్ని కల్యాణమండపములైనవి, కొన్నిటిలో కొబ్బరికాయలు పోసిరి. మా ఊరి హాలు పైకప్పు 1996 నవంబరు 6 రాత్రి తుపానులో లేచిపోయి, మరల పడలేదు. ఆ రాత్రి తోటలు తోటలుగా కూలిన చెట్లనడుమ, మా వైపు వంతెనలు లేనందున సహాయము రాక, తెల్లవారువరకు నీటిలో నిలిచినవారము గనుక, 2002లో యానాము – ఎదుర్లంకల నడుమ వంతెన తెరచినపుడు మేము మనసార సంతోషించితిమి, నేటికిని సంతోషించుచున్నాము. ఐనను ఒక మాట చెప్పవలెను. లాంచీ దాటునంతసేపు ప్రక్కవానితో మాటాడక తప్పెడిది కాదు. కారులో వంతెన దాటుటకు నిమిషములు చాలును. ఇంటనే, చేతిలోని ఫోనులోనే, ఒక్కొక్కరు ఒక్కొక్క బొమ్మను చూచునపుడు రీలు మారదు, దీపము వెలుగదు, ఎవరును ఎవరిని అడుగరు.

అందుచేత మీకొక విన్నపము. పులిదిండి, ఆత్రేయపురము, లొల్ల ప్రాంతములలో 1967 నాటికి పదేండ్లు నిండినవారు నేడు డెబ్బదికి చేరువలోనో, దాటియో యున్నారు. ‘సాక్షి’ తీయునపుడు గట్టుపై నిలిచి చూచినవారు, దానిని తరువాత తెరపై చూచి తమ వీధిని తామే గుర్తుపట్టినవారు వారిలో ఉండక తప్పదు. మీ యింటిలో అట్టివారున్నచో, ఈ ఆదివారమున వారి ప్రక్కన కూర్చుండి, “తాతగారూ, బొమ్మ ఎలా ఉందండీ?” అని యడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లు, మీరు దిద్దక, ఒక కాగితముపై వ్రాసియుంచుడు.